కత్తెర పడని పట్టు ముక్క: ఒక టైలర్ మాస్టారి కేసు

ఆయన మా క్లినిక్‌కి వచ్చింది నిద్ర పట్టడం లేదని. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, గుండె దడ, కడుపులో మంట. ఎండోస్కోపీలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఈసీజీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. చూసిన ఫిజీషియన్ "టెన్షన్ ఉన్నట్టుంది, ఒకసారి మాట్లాడండి" అని చీటీ రాసి నా దగ్గరికి పంపారు. నలభై దాటిన మనిషి. విజయవాడకు గంట దూరంలో ఒక ఊళ్లో లేడీస్ టైలర్. కేసు రాస్తానంటే ఒప్పుకున్నారు గానీ, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఊళ్లో అందరూ పిలిచినట్టే నేనూ మాస్టారనే అంటాను.

వాయిదాల సంగతి బయటపెట్టింది ఆయన భార్య. "ఈయన రేపు రమ్మన్నారంటే ఆ రేపు ఎప్పుడో మాకే తెలీదు మేడమ్. పెళ్లికూతురి జాకెట్టు పెళ్లికి ముందు రోజు రాత్రి కూర్చుని కుడతారు. మండపం నుంచి ఒకటే ఫోన్లు. ఫోన్ నా చేతిలో పెట్టి, లేరని చెప్పమంటారు."

మాస్టారు తల దించుకున్నారు. "బద్ధకం మేడమ్. ఇంకేం లేదు" అన్నారు.

ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి దించే మనిషి, మధ్యాహ్నం అన్నం కూడా మిషన్ పక్కనే తినే మనిషి బద్ధకస్తుడెలా అవుతాడు? వాయిదా వేసేవాళ్లలో ఎక్కువమంది ఖాళీగా కూర్చోరు. చేయాల్సిన పని తప్ప మిగతావన్నీ చేస్తుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో అంట్లు తోమేసి, బీరువా సర్దేసి, థీసిస్ మాత్రం ముట్టుకోనివాళ్లను ఎంతమందినో చూశాను.

ముందు ఏవి కాదో తేల్చుకోవడం

డాక్టర్లు జబ్బులకు పేరు పెట్టడానికి చూసే జాబితాలున్నాయి. వాయిదా వేయడం అనే జబ్బు వాటిలో డీఎస్ఎం-5లోనూ లేదు, ఐసీడీ-11లోనూ లేదు. కానీ వేరే జబ్బులు ఈ ముసుగు వేసుకుని వస్తాయి. డిప్రెషన్‌లో పని మొదలుపెట్టే శక్తే ఉండదు. చిన్నప్పటి నుంచే శ్రద్ధ ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ, పెద్దవాళ్లలో చాలాసార్లు ఇలాగే కనబడుతుంది. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో మాస్టారికి 8 వచ్చింది, అంటే తేలికపాటి దిగులు. నెలల తరబడి సరిగ్గా నిద్రలేని మనిషికి అంతమాత్రం ఉంటుంది. తాగుడు లేదు.

ఏడీహెచ్‌డీ అనాలంటే కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్ల లోపే కనబడి ఉండాలి. వాళ్ల అక్కగారితో ఫోన్‌లో మాట్లాడాను. "వాడా? బొత్తాలన్నీ రంగుల వారీగా డబ్బాల్లో పెట్టుకునేవాడండీ" అన్నారామె. ఆరు ప్రశ్నల స్క్రీనింగ్‌లో నాలుగు గానీ అంతకు మించి గానీ వస్తే అనుమానించాలి, ఈయనకు రెండే వచ్చాయి. అన్నిటికన్నా నాకు పెద్ద ఆధారం ఇంకొకటి. కరెంటు బిల్లు గడువు లోపే కడతారు. కూతురి ఫీజు ఎన్నడూ ఆలస్యం కాలేదు. ఏడీహెచ్‌డీలో ఆలస్యం ఇంటా బయటా అంతటా పరుచుకుని ఉంటుంది. ఈయనది ఒకచోటే గూడు కట్టుకుంది. ఆ చోటు ఏదో అప్పటికి నాకు తెలియదు.

నేను చేసిన పొరపాటు

తెలియకుండానే వైద్యం మొదలుపెట్టాను. రెండో సిట్టింగ్‌లో ఒక టైంటేబుల్ గీసిచ్చాను. రోజును అరగంటల కింద విడగొట్టి, పదకొండు నుంచి ఒంటిగంట వరకు పట్టు జాకెట్ల పని అని రాసి, ఫోన్‌లో అలారం పెట్టించాను. వారం తర్వాత ఆ కాగితం మడత నలగకుండా తిరిగొచ్చింది.

"అలారం మోగింది మేడమ్. ఆపేసి ఫాల్స్ కుట్టాను."

ఆయనకు టైం చాలక కాదు ఆలస్యమవుతోంది. నేను మాత్రం టైం సర్దడానికి కూర్చున్నాను. పైగా ఆ వారం ఆయన ఖాతాలో ఇంకో ఓటమి జమ అయింది, అది నా చేతుల మీదుగా. ఆ సిట్టింగ్ మొదట్లోనే తప్పు నాదని చెప్పాను. ఆయన కాస్త ఆశ్చర్యపోయారు.

తర్వాత ఒకే పని అడిగాను. టైలర్ షాపులో ప్రతి మూటకీ బిల్లు చీటీ పిన్ను చేసి ఉంటుంది. గుడ్డ ఇచ్చిన తేదీ, డెలివరీ తేదీ దాని మీద ఎలాగూ ఉంటాయి. చీటీ వెనక ఇంకో రెండు తేదీలు వేయమన్నాను: కత్తెర పెట్టిన రోజు, హుక్కులు కుట్టి ముగించిన రోజు. ఏమీ మార్చుకోవద్దు, రాయండి చాలు అన్నాను.

మూడు వారాల తర్వాత రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట తెచ్చారు. బల్ల మీద పరిచి ఇద్దరం పేకముక్కల్లా వేరుచేశాం. ఫాల్స్, పీకో ఏ రోజువి ఆ రోజే అయిపోయాయి. రోజువారీ కాటన్ జాకెట్లు రెండు మూడు రోజులు. పట్టు జాకెట్లు, మగ్గం వర్క్ అయి వచ్చినవి మాత్రం కత్తెర పడకుండా సగటున పన్నెండు రోజులు అరలో ఉన్నాయి. కత్తెర పడ్డాక అవీ మర్నాటికో ఆ మర్నాటికో కుట్టు అయిపోయాయి. అసలు కటింగ్‌కి పట్టేది అరగంట లోపే. ఆలస్యమంతా కత్తెరకు ముందే ఉంది.

"పట్టు గుడ్డ బల్ల మీద పరిచినప్పుడు ఏమవుతుంది మాస్టారూ?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఆరేళ్ల కిందట ఒక పెళ్లికూతురి కంచి పట్టు జాకెట్టు ముక్కను ఆమె చెల్లెలి ఆది జాకెట్టు కొలతలకు కత్తిరించేశారు. రెండు ఆదులు ఒకే కవర్లో ఉన్నాయి, తారుమారయ్యాయి. పెద్దదిగా కత్తిరిస్తే లోపలికి పట్టుకోవచ్చు. చిన్నదైతే ఇంక చేసేదేమీ లేదు. చీరతో కలిపి నేసిన ముక్క, అలాంటిది ఇంకోటి దొరకదు. పెళ్లికూతురి తల్లి షాపు ముందు, బజారు మధ్యలో నిలబెట్టి తిట్టింది. చీర ఖరీదులో సగం కట్టారు. ఆ డబ్బు సంగతి భార్యకు తెలుసు. ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుందన్న సంగతి ఆ రోజే తెలిసింది.

"పట్టుకి చెమట మరక అంటుతుందని మడిచి పెట్టేస్తాను మేడమ్. చేతులు ఆరాక చూద్దామని."

మెదడు సంగతి ఎంతవరకు చెప్పాను

ఇక్కడ మెదడు గురించి కొంత చెప్పాను. ఎక్కువ చెప్పలేదు. "నీ మెదడే అంత" అని విన్నవాళ్లు కొందరు ఊరట పడతారు, కొందరు చేతులెత్తేస్తారు.

మెదడు లోపల రెండు వైపులా బాదం గింజంత ఉండే భాగం అమిగ్డలా. ప్రమాదం వాసన ముందుగా పట్టేవాటిలో అదొకటి. జర్మనీలో బోఖుమ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో 264 మంది మెదళ్లను ఎంఆర్ఐ తీశారు. అనుకున్న పని మొదలుపెట్టడంలో వెనకబడేవాళ్లలో అమిగ్డలా కొంచెం పెద్దదిగా ఉంది. దానికీ డోర్సల్ యాంటీరియర్ సింగ్యులేట్ అనే ముందువైపు భాగానికీ మధ్య సంబంధం బలహీనంగా ఉంది. ఏ పని చేయాలో ఎంచుకుని, అడ్డొచ్చే భావాలను పక్కన పెట్టడంలో ఆ ముందు భాగానికి పాత్ర ఉంది. మాస్టారికి దీన్ని ఇంటి కుక్కతో పోల్చి చెప్పాను. కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే మొరగడం దాని పని. ఇంటాయన "మనవాళ్లేరా" అంటే ఊరుకుంటుంది. ఇంటాయన గొంతు దానికి సరిగ్గా వినబడకపోతే చుట్టం తిరిగి వెళ్లిపోయేదాకా మొరుగుతూనే ఉంటుంది.

అయితే అది గుంపు మొత్తం మీద కనబడిన తేడా. ఒక మనిషి స్కాన్ చూసి అతను పనులు వాయిదా వేస్తాడో లేదో చెప్పలేం. అమిగ్డలా పెద్దదవడం వల్ల వాయిదా వచ్చిందా, ఏళ్ల తరబడి తప్పించుకోవడం వల్ల మెదడు అలా మారిందా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు. స్కాన్ చేయిద్దామా అని భార్య అడిగితే వద్దన్నాను. చీటీల కట్ట చెప్పినదానికన్నా అది ఎక్కువేమీ చెప్పదు.

నాకు పనికొచ్చిన మాట ఇంకొకటి. వాయిదాల మీద పనిచేసే సైకాలజిస్టులు ఫ్యూషియా సిరోయిస్, టిమ్ పిచిల్ 2013లో రాసినదాని సారం ఏమిటంటే, వాయిదా వేసేవాడు తప్పించుకునేది పనిని కాదు, ఆ పని తెచ్చే బాధను. మూట మడిచి అరలో పెట్టగానే మాస్టారి గుండె దడ తగ్గుతుంది. ఆ ఊరటే ఆ క్షణానికి కూలి. కూలి ముట్టిన పనినే మెదడు మళ్లీ చేస్తుంది. వెంటనే ఫాల్స్ కుడితే చేతిలో డబ్బు కూడా పడుతుంది, అంటే రెండో కూలి. ఇలా ఆరేళ్లు గడిస్తే అది బద్ధకంలాగే కనబడుతుంది.

మరి రేపు చేద్దామన్నప్పుడు నిజంగానే చేస్తామని ఎందుకనిపిస్తుంది? మాస్టారు అబద్ధం చెప్పేవారు కాదు. "రేపు రండమ్మా" అన్న ప్రతిసారీ ఆయన మనస్ఫూర్తిగా నమ్మే అన్నారు. పారిస్‌లో రఫాయెల్ లె బుక్, మాథియాస్ పెసిగ్లియోన్ 2022లో దీని మీద పని చేశారు. ఇప్పుడు చేయాల్సిన కష్టం ఉన్నంత బరువుగా తోస్తుంది, అదే కష్టం కొన్నాళ్ల తర్వాత అనుకుంటే తేలికగా తోస్తుంది. ఈ తేడాలో మెదడు ముందు భాగంలోని డోర్సోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పాత్ర కనబడింది. ఎవరి లెక్కలో ఈ బరువు త్వరత్వరగా తగ్గిపోతుందో, వాళ్లే ఇంటికిచ్చిన ఫారాలు నింపి పంపడంలో ఎక్కువ ఆలస్యం చేశారు. అంటే రేపటి కత్తెర ఇవాళ్టి కత్తెర కన్నా తేలిక. రేపు రాగానే అది మళ్లీ ఇవాళ్టి కత్తెర అయిపోతుంది.

ఇది చెప్తుంటే మాస్టారు మొదటిసారి నవ్వారు. ఆయన షాపు పక్క కిరాణా కొట్లో 'నేడు నగదు, రేపు అరువు' అని బోర్డు ఉందట. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను మేడమ్, ఆ బోర్డు నాకే పెట్టారని తెలీలేదు" అన్నారు.

ఈ సందర్భంలో చాలామంది చెప్పే కథ ఒకటుంది: మెదడులో కోతి ఒకటి, పెద్దమనిషి ఒకడు ఉంటారు, ఇద్దరికీ ఎప్పుడూ కుస్తీ అని. 2004లో సామ్ మెక్‌క్లూర్ బృందం సైన్స్ పత్రికలో వేసిన వ్యాసం నుంచి ఈ బొమ్మకు బలం వచ్చింది. వెంటనే దొరికేదాన్ని ఒక వ్యవస్థ, ముందుముందు దొరికేదాన్ని మరొకటి తూకం వేస్తాయని అందులో ఉంది. మూడేళ్ల తర్వాత జోసెఫ్ కేబుల్, పాల్ గ్లింషర్ అదే తూకాన్ని కొలిచి, రెంటినీ ఒకే త్రాసు తూస్తున్నట్టు కనబడుతోందన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. నేను నా పేషెంట్లకు కుస్తీ కథ చెప్పను. తమలో సగం తమకు శత్రువని నమ్మడం వల్ల ఎవరూ బాగుపడగా నేను చూడలేదు.

హాల్ హెర్ష్‌ఫీల్డ్ బృందం 2009లో చేసిన పని మాత్రం మాస్టారికి వెంటనే అర్థమైంది. కొందరు పదేళ్ల తర్వాతి తమ గురించి ఆలోచిస్తుంటే మెదడులో కనబడే తీరు, వేరే మనిషి గురించి ఆలోచించినప్పటి తీరుకు దగ్గరగా ఉంది. ఇప్పటి తమకూ అప్పటి తమకూ మధ్య ఈ తేడా ఎక్కువగా ఉన్నవాళ్లే ముందుముందు వచ్చే డబ్బు కోసం ఆగలేకపోయారు. "అయితే రేపటి మాస్టారు నాకు పనివాడన్నమాట. మూట వాడి నెత్తిన పడేసి నేను ఇంటికెళ్తున్నాను" అన్నారాయన. పదేళ్లకీ పన్నెండు రోజులకీ తేడా ఉందని తెలిసినా నేను సరిదిద్దలేదు. ఆ మాట ఆయనకు పనికొచ్చేలా ఉంది.

ముహూర్తం, మూఢం, మంగళవారం

నగరంలో చదువుకున్న మాలాంటివాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తాం, తొందరపడి మనిషికి ఒక ముద్ర వేసేస్తాం. ఫిలిప్ జింబార్డో, జాన్ బాయిడ్ 1999లో మనుషులు కాలాన్ని చూసే తీరును ఐదు రకాలుగా విడగొట్టి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. గతాన్ని చేదుగా చూసేవాళ్లు, తీపిగా చూసేవాళ్లు, ఈ క్షణపు సుఖం చూసుకునేవాళ్లు, అంతా రాసిపెట్టి ఉంటుందనేవాళ్లు, ముందుచూపుతో నడిచేవాళ్లు. "రాసిపెట్టి ఉంటే టైముకే అవుతుందిలే మేడమ్" అని మాస్టారు రెండుసార్లన్నారు. నా నోట్సులో విధివాదం అని రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

ఆ ప్రశ్నార్థకం పెట్టడం మంచిదైంది. ఆయన పని క్యాలెండర్ వారాల్లో నడవదు. మాఘం, ఫాల్గుణం వస్తే ఊపిరాడదు. మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు. ఆషాఢం సేల్స్‌లో కొన్న చీరలన్నీ శ్రావణం కోసం ఒక్కసారిగా వచ్చి పడతాయి. ముహూర్తానికి వెనకా ముందూ ఉండదు. జాకెట్టు కుట్టలేదని లగ్నం ఆగదు. అందుకే ఆ చివరి రాత్రి ఆయన చేతులు వణకవు. ఆ ఒక్క రాత్రి మాత్రం మూట అరలో పెట్టే దారి మూసుకుపోయి ఉంటుంది. భయం కన్నా పెద్ద భయం నిలబడితే కత్తెర కదులుతోంది.

ఇంకో సంగతి చీటీలలోనే దొరికింది. పట్టు గుడ్డకు మంగళవారం కత్తెర పెట్టనని, రాహుకాలం, వర్జ్యం చూస్తానని అన్నారు. నమ్మకాన్ని నేను ప్రశ్నించను. కానీ రాహుకాలం రోజుకు గంటన్నర. కాటన్ జాకెట్లకు అదే మంగళవారం కత్తెర పడినట్టు ఆయనే రాసిన తేదీలు చెబుతున్నాయి. చీటీలు రెండూ పక్కపక్కన పెట్టాను. ఏమీ అనలేదు. "అంటే పంచాంగాన్ని అడ్డం పెట్టుకుంటున్నానా?" అని ఆయనే అడిగారు.

బల్ల మీద ఏం చేశాం

నాలుగు నెలల్లో తొమ్మిది సిట్టింగులు. అందులో మూడు ఫోన్‌లో, ఆయన షాపులో బల్ల దగ్గర నిలబడి ఉండగా.

చేసింది సారంలో భయానికి చేసే వైద్యమే, మెట్టు మెట్టుగా. మెట్లు ఆయన పనిలోంచే తీసుకున్నాం. మొదటి వారం పట్టు ముక్కను పరిచి, ఏమీ చేయకుండా, మడవకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి. భయం వందకు ఎంతో ఐదు నిమిషాలకోసారి చెప్పాలి. 80తో మొదలై, పదిహేను నిమిషాలకు 45కి దిగింది. మడవకపోయినా దడ తగ్గుతుందని ఆయన ఒళ్లు నేర్చుకున్నది అప్పుడే. రెండో వారం సుద్ద గీతలు. సుద్ద చెరిగిపోతుంది, అందుకే దానికి 60 దాటలేదు. తర్వాత పాత పేపరు మీద కటింగ్, ఆ తర్వాత లైనింగ్ గుడ్డ. లైనింగ్ ముందు కత్తిరించి ఆదితో సరిచూసుకోవడం ఆయనకు తెలియని పద్ధతేమీ కాదు, వేరే మాస్టర్లకు ఆయనే నేర్పారు. ఖరీదైన గుడ్డ దగ్గర తానే మానేశారు. చివరికి ఒక పట్టు ముక్క. చెమటకు మెడలో తువ్వాలు, బల్ల మీద పౌడర్ డబ్బా. ఆదులు తారుమారు కాకుండా ఒక కవర్లో ఒక్క ఆదే ఉండాలన్న నియమం. భయంలో నిజమున్నంత మేరకు ఏర్పాటు కూడా చేయాలి. ఉత్త ధైర్యవచనాలతో పట్టు ముక్క తిరిగి రాదు.

ఎప్పుడు చేయాలన్నది ఆయనే తేల్చారు. సైకాలజిస్టు పీటర్ గోల్విట్జర్ చెప్పే 'ఇది జరగ్గానే అది చేస్తాను' అనే ఒప్పందం గురించి చెప్పాను. పదకొండింటికి అనుకోవడం కన్నా, రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టుకుంటే మొదలుపెట్టడం తేలికవుతుంది. "షాపులో దీపం పెట్టగానే మొదటి కత్తెర పట్టుకే" అన్నారు. కావాలంటే రాహుకాలం చూసుకుని దీపం పెడతారట. తన కత్తెరకు తానే ముహూర్తం పెట్టుకున్నారు. నా టైంటేబుల్ చేయలేనిది ఇది చేసింది.

డెలివరీ తేదీల లెక్క కూడా మార్చాం. ఏ జాకెట్టయినా "రెండు గంటల పని" అనేవారు. రోజర్ బ్యూలర్ బృందం 1994లో 37 మంది విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే, వాళ్ల అంచనా సగటు 33.9 రోజులు, నిజంగా పట్టింది 55.5. మనసు మిషన్ తిరిగే సేపునే లెక్కపెడుతుంది. కరెంటు పోవడం, హుక్కులు కుట్టే అమ్మాయి రాకపోవడం, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు గంట కూర్చోవడం లెక్కలోకి రావు. ఇప్పుడు ఆయన మనసును అంచనా అడగరు, పాత చీటీలు చూసి తేదీ వేస్తారు.

భార్యతో విడిగా ఒకసారి మాట్లాడాల్సి వచ్చింది. ఆలస్యమైన ప్రతి మూటకూ ఇంట్లో తిట్లు, ఆయన లోపల తనను తాను తిట్టుకోవడం. మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ కలిసి కెనడాలో 2010లో చేసిన పరిశోధనలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకోవడం వల్ల ఆ పని పేరు ఎత్తితేనే ఇంకా చేదవుతుంది. చేదు పెరిగితే తప్పించుకోవడం పెరుగుతుంది. ఇది వినగానే ఆమెకు కోపం వచ్చింది. "మరి ఫోన్లకి సమాధానం చెప్పేది నేనే కదా?" న్యాయమైన మాట. అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం: ఆమె తిట్టదు, ఆయన తన ఫోన్ ఆమెకివ్వరు.

మాత్ర ఏదైనా ఉందా అని కూడా ఆమె అడిగారు. 2004లో అమెరికాలో బారీ రిచ్‌మండ్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. పని చేస్తే దొరికే బహుమతి, అంటే వాటి జీతం, దూరంగా ఉన్నప్పుడు కోతులూ పని మీద శ్రద్ధ తగ్గిస్తాయి. మెదడులో ఒకచోట, డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టర్లు తయారుకాకుండా కొన్నాళ్లు ఆపితే, జీతం దగ్గరున్నా దూరమున్నా అవి ఒకేలా పనిచేశాయి. జీతం ఎంత దూరంలో ఉందో గుర్తులు చూసి పసిగట్టే శక్తి వాటికి పోయింది మరి. కథ విని ఆమె, "వద్దులెండి, అలాంటి మనిషితో కాపురం ఇంకా కష్టం" అన్నారు.

ఏమైంది

నాలుగు నెలల చివర పట్టు జాకెట్లు అరలో ఉండే రోజులు పన్నెండు నుంచి నాలుగుకు వచ్చాయి. పీహెచ్‌క్యూ-9 స్కోరు 8 నుంచి 4కి దిగింది. మూడింటికి ఇప్పటికీ మెలకువ వస్తుంది, కానీ మళ్లీ పడుకుంటున్నారు. శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం వారంలో, రెండు మూటలు ఆలస్యమయ్యాయి. ఫోన్ మోగగానే అలవాటుగా భార్యకివ్వబోయారట. ఆమె తీసుకోలేదు. ఆయనే మాట్లాడి, తిట్లు తిని, రాత్రికి కుట్టిచ్చారు. నా లెక్కలో ఆ ఫోన్ కాల్ నాలుగు రోజుల సగటు కన్నా పెద్దది.

ఒకే మనిషి, ఒకే షాపు. శ్రావణం తర్వాత గిరాకీ ఎలాగూ తగ్గింది కాబట్టి, మెరుగుదలలో మా గొప్ప ఎంతో, సీజన్ గొప్ప ఎంతో విడదీయలేను. వచ్చే మాఘం దాకా కేసు ముగిసిందని రాయదలచుకోలేదు.

కార్తీకంలో చివరిసారి వచ్చినప్పుడు చీటీల కట్ట తెచ్చారు. అలవాటుగా బల్ల మీద పరిచాం. ఒక చీటీ వెనక మాత్రం ఖాళీగా ఉంది. ముందువైపు కస్టమర్ పేరు లేదు, 'అమ్మాయి' అని ఉంది. పదకొండు రోజుల్లో కూతురి ఓణీల ఫంక్షన్. లంగా కుట్టేశారు, పట్టు జాకెట్టు ముక్క మాత్రం పందొమ్మిది రోజులుగా అరలోనే ఉంది.

"అది వేరే మేడమ్" అన్నారు. కాసేపాగి, జేబులోంచి పెన్ను తీసి చీటీ మీద గురువారం అని రాశారు. శనివారానికి అపాయింట్‌మెంట్ వేశాను.